రెగ్యులేటర్ తిప్పితే మోటార్ వినదు

ఆ ఉలి వాదర నీలం తిరగడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. ముందు గడ్డి రంగు, వెంటనే గోధుమ, ఊదా, నీలం. నేను చెయ్యి వెనక్కి లాక్కునేసరికి అంతా అయిపోయింది.

పాత ఆకురాళ్ళతో చెక్కపనికి ఉలులు చేసుకోవడం నా పిచ్చి. ఆకురాయిని ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరచాలి. ఆకారం తీశాక మళ్ళీ కాల్చి నూనెలో ముంచాలి. తర్వాత ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు ఉంచి పానం, అంటే ఉక్కు గట్టిదనం, సరిచేయాలి. ఇదంతా కలిపి నాకు రెండు ఆదివారాల పని. చివర్లో మిగిలేది వాలు సానపట్టడం. ఉక్కు అన్నిటికంటే పలచగా ఉండేది అక్కడే, పుట్టిన వేడి పారిపోవడానికి చోటు లేనిదీ అక్కడే. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీలు చూసిందని లెక్క. 200 దగ్గర నిలిపిన పానం ఇంకా దిగిపోయిందన్నమాట. పైనున్న రంగును గీకితే పోతుంది, కింద మెత్తబడ్డ ఉక్కు మాత్రం అలాగే ఉంటుంది. 3 మిల్లీమీటర్లు కోసేసి వాలు మళ్ళీ మొదటినుంచి తీశాను.

అప్పట్లో నా బెల్ట్ గ్రైండర్‌కి ఉన్నది ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్, 2850 ఆర్‌పీఎం. దాని ఇరుసు మీద నేరుగా 150 మిల్లీమీటర్ల డ్రైవ్ వీల్. ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. చక్రం చుట్టుకొలత 0.471 మీటర్లు. సెకనుకు 47.5 చుట్లు. అంటే బెల్ట్ సెకనుకు 22 మీటర్లు పరుగెడుతోంది, గంటకు 80 కిలోమీటర్లు. అంత వేగంతో వెళ్తున్న గరుకు కాగితానికి కాగితంలాంటి అంచును ఆనించి, చల్లగా ఉండమంటే ఎలా ఉంటుంది? ముతక పనికి ఆ వేగం బాగానే ఉంటుంది. కానీ నా దగ్గర ఉన్నది ఆ ఒక్క వేగమే.

అప్పుడు నాకు తట్టిన ఉపాయం ఫ్యాన్ రెగ్యులేటర్. కాస్త పెద్ద సైజుది, ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో వోల్టేజీ తగ్గించేది. సీలింగ్ ఫ్యాన్‌లోనూ మోటారే కదా, ఇందులోనూ మోటారే కదా అని వైరు మధ్యలో పెట్టేశాను. సగానికి తిప్పితే బెల్ట్ వేగం ఇసుమంత కూడా తగ్గలేదు. ఇంకొంచెం తిప్పితే మూలుగు మొదలైంది. ఉలి ఆనించగానే మోటార్ కుంగిపోయింది, లోపల 'టక్' మని చప్పుడు, మూలుగు ఇంకా పెరిగింది. నేను 'ఇదేదో పనిచేస్తున్నట్టే ఉందే' అనుకుంటున్న ఆ అర నిమిషంలోనే మోటార్ నెత్తిమీది కెపాసిటర్ ఉబ్బి, వార్నిష్ కాలిన వాసన గదంతా కమ్మింది.

మా బావ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మూత విప్పి నల్లబడ్డ తీగలు చూసి, "ఏం బామ్మర్దీ, వేగం తగ్గించావా, గొంతు పిసికావా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది, నేను వెతుక్కుని తెలుసుకున్నది కలిపితే విషయం ఇది. ఇండక్షన్ మోటార్ వేగం వోల్టేజీని బట్టి ఉండదు. కదలని భాగమైన స్టేటర్‌లో అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, తిరిగే భాగమైన రోటర్ దాని వెంట పడి కొద్దిగా వెనకబడి తిరుగుతుంది. ఆ క్షేత్రం వేగాన్ని నిర్ణయించేవి కరెంటు ఫ్రీక్వెన్సీ, మోటార్‌లోని పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) సంఖ్య. 50 హెర్ట్జ్ దగ్గర రెండు పోల్స్ ఉంటే నిమిషానికి 3000 చుట్లు, నాలుగుంటే 1500. రోటర్ వెనకబాటు పోగా మనకు దక్కేవి 2850, 1440 లాంటి అంకెలు. వోల్టేజీ తగ్గిస్తే పోయేది బలం. అదీ వర్గం లెక్కన పోతుంది: సగం వోల్టేజీకి పావు బలం. మోటార్ అదే వేగంలో తిరగాలని తంటాలు పడుతుంది, చాతకాక కుంగుతుంది, కుంగిన కొద్దీ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఎందుకు మాట వింటుందంటే దాని మోటార్‌ను అంత వెనకబాటును తట్టుకునేలానే చేస్తారు, పైగా వేగం తగ్గితే గాలి బరువు కూడా బాగా తగ్గిపోతుంది. నా ఉలి బరువు అలా తగ్గదు కదా.

ఇక ఆ 'టక్' సంగతి. కెపాసిటర్ స్టార్ట్ మోటార్‌లో మొదలుపెట్టడానికి విడిగా ఒక వైండింగ్ ఉంటుంది. మోటార్ పూర్తి వేగంలో ముప్పావు వంతుకు దగ్గరపడగానే సెంట్రిఫ్యూగల్ స్విచ్ దాన్ని వేరుచేస్తుంది. అది కొన్ని సెకన్ల పనికోసం చుట్టిన తీగ. నేను మోటార్‌ను కుంగదీస్తే స్విచ్ మళ్ళీ మూసుకుంది, ఆ వైండింగ్ లైన్‌లోకి వచ్చి అక్కడే ఉండిపోయింది. కాలకేం చేస్తుంది?

డ్రిల్లు, యాంగిల్ గ్రైండర్ లాంటి వాటిలో ఉండేది కార్బన్ బ్రష్‌ల యూనివర్సల్ మోటార్. అది ఇలాంటి రెగ్యులేటర్‌కు లొంగుతుంది. పాత ట్రెడ్‌మిల్ నుంచి తీసిన డీసీ మోటార్ అయితే ఇంకా బాగా లొంగుతుంది, అక్కడ వోల్టేజీ తగ్గిస్తే వేగం నిజంగానే తగ్గుతుంది. నేను దాన్ని వద్దనుకోవడానికి కారణం ఒక్కటే. చాలావరకు వాటికి ఒళ్ళంతా కిటికీలే. ఇనుప పొడి గాల్లో తేలే చోట కమ్యుటేటర్‌ను (బ్రష్‌లు ఆనే రాగి చక్రాన్ని) అలా బయటపెట్టి ఉంచడం నాకు ధైర్యం చాలలేదు.

మెట్ల పుల్లీల గురించి మాత్రం ఒక మంచి మాట చెప్పాలి. మూడు మెట్ల పుల్లీల జత పెట్టుకుంటే మూడు వేగాలు వస్తాయి. మోటార్ ఎప్పుడూ తన వేగంలోనే తిరుగుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది. వేగం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది, ఎలక్ట్రానిక్ డ్రైవ్‌కు ఇది చేతకాదు. కాలిపోయే బోర్డూ ఉండదు. నెలకు రెండు కత్తులు చేసేవారికి ఇదే చాలని నా అభిప్రాయం. నేను మాత్రం ఒక్కో ఉలికి పదిసార్లు వేగం మారుస్తాను. పదిసార్లూ గార్డు విప్పి వీ బెల్ట్ మార్చే ఓపిక లేదు.

చివరికి మిగిలింది త్రీ ఫేజ్ మోటార్, దానికి వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి వేగం మార్చే డ్రైవ్. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది, త్రీ ఫేజ్ మోటార్ ఎలా తిరుగుతుంది అంటారు. ఆ పని డ్రైవే చేస్తుంది. లోపలికి వచ్చే 230 వోల్టుల ఏసీని ముందు డీసీగా మార్చి, సుమారు 325 వోల్టుల దగ్గర పెద్ద కెపాసిటర్లలో నిలవ చేస్తుంది. ఆ డీసీని సెకనుకు వేలసార్లు ముక్కలు చేసి, మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో మూడు ఫేజులుగా బయటికి పంపుతుంది. ఫ్రీక్వెన్సీతోపాటు వోల్టేజీనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది, అందుకే మోటార్ గొంతు పిసికినట్టు ఉండదు. కొనేటప్పుడు సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్‌కు చేసిన డ్రైవేనా అని చూసుకోవాలి. త్రీ ఫేజ్ ఇన్‌పుట్‌ది తెచ్చి సింగిల్ ఫేజ్ మీద నడిపితే దాని మీద రాసి ఉన్న సామర్థ్యంలో సగమే లెక్కలోకి తీసుకోవాలి.

మోటార్ 2 హెచ్‌పీ, నాలుగు పోల్స్, పూర్తిగా మూసి ఉన్నది తీసుకున్నాను. రెండు పోల్స్‌ది ఎందుకు కాదంటే నాకు బలం కావలసింది కింది వేగాల్లో. పై వేగాలకు ఫ్రీక్వెన్సీని 50 దాటించి 80 వరకు తీసుకెళ్తే సరిపోతుంది.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎంత ముచ్చటగా తిరిగిందో! నాబ్ తిప్పిన కొద్దీ మెత్తగా పెరగడం, తగ్గడం. ఇనుప ముక్క ఆనించాను. ఆగిపోయింది. 2 హెచ్‌పీ మోటార్‌ను రెండు వేళ్ళతో ఆపగలిగానంటే నాలో బలం పెరిగిందని అనుకోలేను. డ్రైవ్ పాడైందేమో అని అమ్మినవాళ్ళను మనసులో తిట్టుకుంటూ రెండు రోజులు గడిపాను. బావ వచ్చి డ్రైవ్ వైపు చూడనే లేదు. మోటార్ నేమ్ ప్లేట్ మీది జిడ్డు తుడిచి చదివాడు: 230 డెల్టా, 400 స్టార్.

"స్టార్‌లోనే వదిలేశావు."

స్టార్, డెల్టా అంటే మోటార్‌లోని మూడు వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు. టెర్మినల్ బాక్స్‌లో ఆరు బోల్టులు, మూడు ఇత్తడి లింకులు. లింకులు ఒక వరుసలో అడ్డంగా ఉంటే స్టార్, నిలువుగా జతలు జతలుగా ఉంటే డెల్టా. స్టార్‌లో ఆ మోటార్ 50 హెర్ట్జ్ దగ్గర 400 వోల్టులు అడుగుతుంది, అంటే హెర్ట్జ్‌కు 8 వోల్టులు. నా డ్రైవ్ ఇవ్వగలిగేది 230, అంటే హెర్ట్జ్‌కు 4.6. ఏ వేగం దగ్గరైనా మోటార్‌కు అందేది సగానికి కాస్త ఎక్కువ తిండే. బలం వర్గం లెక్క కాబట్టి మిగిలింది మూడో వంతు. లింకులు నిలువుగా మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. కొన్ని మోటార్లలో స్టార్‌ను లోపలే కలిపేసి మూడు తీగలే బయటికి తెస్తారు. అలాంటిదైతే వైండింగ్ విప్పి లోపలి ముడిని వెతికి బయటికి తియ్యాలి, అది బావలాంటివాళ్ళ పని. కొనేముందే టెర్మినల్ బాక్స్ మూత తీసి చూడడం మేలు.

డ్రైవ్ మాన్యువల్‌లో పారామీటర్లు వందల్లో ఉంటాయి, భయపడక్కర్లేదు. నేను ముట్టుకున్నవి పది లోపే. నేమ్ ప్లేట్ మీది కరెంటు, నాకు 6 ఆంపియర్లు, ముందుగా పెట్టాలి. ఓవర్‌లోడ్ రక్షణ దాని మీదే ఆధారపడుతుంది. కింది హద్దు 10 హెర్ట్జ్, పై హద్దు 80. వేగం అందుకోవడానికి 3 సెకన్లు. ఆగడానికి మొదట 1 సెకను పెట్టి పెద్ద తెలివైనవాణ్ణి అనుకున్నాను. ఆపిన ప్రతిసారీ ఓవర్ వోల్టేజ్ అని తెర మీద పడి ట్రిప్ అయ్యేది. తిరుగుతున్న చక్రాలను బలవంతంగా ఆపుతుంటే మోటార్ జనరేటర్‌లా మారి కరెంటును డ్రైవ్‌లోకే వెనక్కి నెడుతుంది, లోపలి డీసీ వోల్టేజీ హద్దు దాటుతుంది. 4 సెకన్లు ఇచ్చాక మళ్ళీ ఆ గొడవ లేదు. ఇంకా తొందరగా ఆపాలంటే బ్రేకింగ్ రెసిస్టర్ తగిలించుకోవాలి. చెవికి గుచ్చుకునే సన్నని ఈల వినిపిస్తే క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డీసీని ముక్కలు చేసే వేగం) పెంచితే తగ్గుతుంది, బదులుగా డ్రైవ్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది.

స్పీడ్ నాబ్ మామూలు 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటరే. మూడు తీగలు: ఒక చివర డ్రైవ్ ఇచ్చే 10 వోల్టులు, రెండో చివర కామన్, మధ్యది సిగ్నల్. చివరలు తారుమారైతే నాబ్ ఎడమకు తిప్పితే పూర్తి వేగం వస్తుంది. నాకు వచ్చింది. ఆ రెండూ మార్చాక ఇంకో వింత, నాబ్ ముట్టుకోకపోయినా వేగం 2 హెర్ట్జ్ అటూ ఇటూ ఊగేది. నాబ్ తీగను నీటుగా ఉంటుందని మోటార్ కేబుల్‌తో కలిపి టై కట్టాను. డ్రైవ్ నుంచి మోటార్‌కు వెళ్ళే తీగలు ఎప్పుడూ రొద చేస్తుంటాయి, ఆ రొదంతా పక్క తీగలోకి దిగింది. షీల్డ్ ఉన్న తీగ వేసి, షీల్డ్‌ను డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్‌కు కలిపి, దూరంగా తీసుకెళ్ళాక కుదురుకుంది.

స్టార్ట్, స్టాప్‌లకు విడి బటన్లు పెట్టుకున్నాను, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. ఎడమకు కుడికి తిప్పే స్విచ్ ఒకటి పెట్టుకుంటే పని అవుతుంది. కానీ మధ్యలో కరెంటు పోయి, మనం స్విచ్ ఆన్‌లోనే మరిచిపోయి, బెల్ట్ మారుస్తుండగా కరెంటు వస్తే? నొక్కితే మొదలయ్యే బటన్ అయితే కరెంటు వచ్చినా మళ్ళీ నొక్కేదాకా కదలదు. మెయిన్ స్విచ్‌తో గ్రైండర్‌ను ఆపడం, మొదలుపెట్టడం చేయకూడదు. డ్రైవ్‌కూ మోటార్‌కూ మధ్య ఏ స్విచ్చూ ఉండకూడదు, నడుస్తుండగా అది తెరుచుకుంటే డ్రైవ్ పోవచ్చు. మూత విప్పాలంటే కరెంటు తీసి పది నిమిషాలు ఆగి, మీటర్‌తో డీసీ వోల్టేజీ చూసుకునే చెయ్యి పెట్టాలి. ఆ కెపాసిటర్లు తెర ఆరిపోయాక కూడా చాలాసేపు మరిచిపోవు.

బావ ఒకసారి చచ్చిపోయిన డ్రైవ్ ఒకటి విప్పి చూపించాడు. బోర్డంతా బూడిదరంగు నూగు. ఇనుప పొడి. ఫ్యాన్ తనే లోపలికి పీల్చుకుంది. అది చూశాక నా డ్రైవ్‌ను రబ్బరు అంచున్న పెద్ద లోహపు పెట్టెలో పెట్టి, నిప్పురవ్వలు వెళ్ళే దిక్కుకు వెనకవైపు గోడకు బిగించాను. పెట్టె పెద్దది ఎందుకంటే లోపలి వేడి గోడల గుండానే బయటికి పోవాలి.

ఇప్పుడు నా లెక్కలు ఇలా ఉన్నాయి. పానం పట్టకముందు ముతకగా ఉక్కు తీసేటప్పుడు 60 గ్రిట్ సెరామిక్ బెల్ట్, 80 హెర్ట్జ్, సెకనుకు సుమారు 18 మీటర్లు. సెరామిక్ రవ్వ విరిగి కొత్త పదును బయటపెట్టాలంటే వేగం, ఒత్తిడి రెండూ కావాలి. దాన్ని నెమ్మదిగా నడిపితే అరగకుండానే మొద్దుబారుతుంది. 50 దాటాక మోటార్ బలం క్రమంగా పడిపోతుంది, ఎందుకంటే డ్రైవ్ దగ్గర ఇవ్వడానికి ఇక వోల్టేజీ మిగల్లేదు. 80 దగ్గర మరీ ఒళ్ళు బరువేసి నొక్కితే తెలిసిపోతుంది. పిడి చెక్క పనికి 30 హెర్ట్జ్, ఇంకా పెంచితే చెక్క మాడి నల్లచారలు పడతాయి. అన్నట్టు చెక్కపొడి, ఇనుప రవ్వలు ఒకే సంచిలోకి వెళ్ళనీయకండి, నిప్పు రాజుకుంటుంది.

పానం పట్టిన వాదరకు 20 హెర్ట్జ్, అంటే సెకనుకు నాలుగున్నర మీటర్లకు లోపే. చేతికి తొడుగులు లేకుండా, వాదరకు దగ్గరగా వేళ్ళు పెట్టి, వెచ్చగా తగిలితే వెంటనే నీళ్ళలో ముంచుతాను. అయినా మొదట్లో 20 దగ్గర కూడా ఒకటి గోధుమరంగు తిరిగింది. కారణం బెల్ట్. వేగం తగ్గింది కదా అని అరిగిపోయిన 120 గ్రిట్‌తోనే కానిద్దామనుకున్నాను. మొద్దు రవ్వ ఉక్కును కొయ్యదు, రుద్దుతుంది, రుద్దితే వేడి. కొత్త బెల్ట్‌ను చివరి వాలుకు దాచి, పాతవాటిని ముతక పనికి వాడడం అప్పటినుంచి నేర్చుకున్నాను. ఇన్నాళ్ళూ సరిగ్గా తలకిందులుగా చేసేవాణ్ణి.

తక్కువ వేగానికి ఒక వెల ఉంది. మోటార్ వెనక ఫ్యాన్ అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి అదీ నెమ్మదిస్తుంది. 10 హెర్ట్జ్ దగ్గర అరగంట నడిపితే మోటార్ ఒళ్ళు చెయ్యి పెట్టలేనంత కాలింది. ఇప్పుడు అంత కిందికి వెళ్తే పది నిమిషాలకోసారి 50 దగ్గర ఉత్తినే కాసేపు తిప్పుతాను, చల్లబడుతుంది.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఇంకొకటుంది. 37 హెర్ట్జ్ దగ్గర నా బల్ల మొత్తం జరజరమని ఊగేది, దాని మీది స్పానర్లు నడుచుకుంటూ అంచుకు వచ్చేవి. 35 దగ్గర లేదు, 40 దగ్గర లేదు. చక్రం తిరిగే తాళం, బల్ల సొంత తాళం అక్కడ ఒకటవుతున్నాయి. చక్రాలు బ్యాలెన్స్ చేయాలి, బల్ల కాళ్ళకు అడ్డపట్టీలు వెయ్యాలి, అవన్నీ నిజమే. ఆలోగా మాన్యువల్ తిరగేస్తుంటే జంప్ ఫ్రీక్వెన్సీ అని ఒక పారామీటర్ కనిపించింది. 36 నుంచి 38 వరకు డ్రైవ్ నిలవకుండా దాటేస్తుంది. అడ్డపట్టీలు ఇప్పటికీ వెయ్యలేదు.

నాబ్ చుట్టూ అట్టముక్క అంటించి, హెర్ట్జ్‌లకు బదులు సెకనుకు ఎన్ని మీటర్లో రాసుకున్నాను. టాకోమీటర్‌తో డ్రైవ్ వీల్ చుట్లు కొలిచి ఒక్కో గీతా పెట్టాను. రేపు చక్రం మారిస్తే హెర్ట్జ్ అంకెలకు అర్థం మారిపోతుంది, మీటర్లకు మారదు. బావ ఆ అట్టను చూసి, "4 దగ్గర ఈ నీలం బొట్టేంటి?" అన్నాడు. అది బొట్టు కాదు. కోసేసిన ఆ 3 మిల్లీమీటర్ల ఉలి ముక్క. గీత కనబడాలని జిగురుతో అంటించాను.

తేలని తగువు ఇంకా ఒకటి మిగిలింది. 20 నుంచి 80కి వెళ్ళేసరికి బెల్ట్ ఎడమకు 3, 4 మిల్లీమీటర్లు జరుగుతోంది, మళ్ళీ బెల్ట్‌ను చక్రాల మధ్యకు తెచ్చే ట్రాకింగ్ మర తిప్పుకోవాల్సి వస్తోంది. స్ప్రింగు బిగువు చాలడం లేదని నా అనుమానం, ట్రాకింగ్ చక్రం బేరింగ్ వదులైందని బావ అనుమానం. వచ్చే ఆదివారం విప్పుతాం.